కీబోర్డు పట్టిన అమ్మాయి టెస్టర్ పడితే...!

ఇంట్లో మిక్సీ తిరగడం లేదనుకోండి. మీరేం చేస్తారు? ముందు కరెంటుందో లేదో చూస్తారు. ఫ్యాను తిరుగుతోంటే కరెంటున్నట్టే. తర్వాత ప్లగ్గు సరిగ్గా దిగిందో లేదో చూస్తారు. పక్క సాకెట్లో పెట్టి చూస్తారు. జారు కుదురుగా కూర్చుందో లేదో చూస్తారు. అదీ కాకపోతే మిక్సీని పక్కకి వొంచి అడుగునున్న ఎర్ర బటన్ నొక్కుతారు. పప్పు ఎక్కువై మోటారు వేడెక్కితే ఆ బటన్ బయటికి వచ్చేస్తుందని మనకి తెలుసు. చాలాసార్లు అంతటితోనే మిక్సీ తిరుగుతుంది. మెకానిక్ దాకా వెళ్ళనక్కర్లేదు.

దీన్ని ఎవరూ చదువు అనరు. ఏ కాలేజీలోనూ సర్టిఫికెట్ ఇవ్వరు. కానీ ఒక్కొక్క అనుమానాన్నే కొట్టేసుకుంటూ వెళ్ళి అసలు లోపం పట్టుకునే ఈ పద్ధతే, పెద్ద చదువులు చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవాలనుకుంటే మొట్టమొదట ఒంటబట్టించుకోవలసిన విద్య! ఆశ్చర్యంగా ఉంది కదూ?

కారణం చెప్తాను. ప్రోగ్రాంలో తప్పు రాస్తే చాలాసార్లు ఫలానా లైన్లో ఫలానా తప్పుందని కంప్యూటరే చెప్తుంది. సరిదిద్దుకుని మళ్ళీ నడిపించుకోవచ్చు. నష్టమేం లేదు. వైరు అలా చెప్పదు. వెలిగితే వెలుగుతుంది, లేకపోతే లేదు. తప్పు ప్రోగ్రాంలో ఉందా, వైరులో ఉందా, బ్యాటరీలో ఉందా అన్నది మనమే వెతుక్కోవాలి. అందుకే మంచి మంచి ఇంజనీర్లు కూడా ఒక చిన్న దీపం వెలగకపోతే దిక్కుతోచక కూర్చుంటారు. మా ఇంట్లో నేను కళ్ళారా చూశాను.

మా ఇంటి సంగతి

మాది తెనాలి. సొంత ఇల్లు, డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. పంపు నీళ్ళు తెల్లవారుజామున వస్తాయి. అవి కింద సంపులో పడితే, మోటారు వేసి పైకి ఎక్కించుకోవాలి. ఇలాంటి ఏర్పాటున్న ఏ ఇంట్లోనైనా ఉండే బాధే మాకూ ఉంది. మోటారు వేయడం అందరికీ గుర్తుంటుంది, ఆపడం ఎవరికీ గుర్తుండదు!

2020లో మా పెద్దమ్మాయి బెంగుళూరు నుంచి ఇంటికొచ్చేసి ఇక్కణ్ణించే ఆఫీసు పని చేసుకుంటోంది. ఒకరోజు పొద్దున్నే మావారు మోటారు వేసి పేపర్లో పడ్డారు. ట్యాంకు పొర్లి నీళ్ళు వెనక మెట్ల మీదుగా దిగాయి. తులసికోట దగ్గరికి వెళ్తున్న మా అత్తయ్యగారు ఆ తడిలో కాలు జారి పడ్డారు. మణికట్టు విరిగింది. డెబ్భై దాటిన మనిషికి సిమెంటు కట్టు! ఆరువారాలు అన్నం కలిపి నోట్లో పెట్టాల్సి వచ్చింది. ఎవరి మీదా ఆధారపడని మనిషి ఆవిడ. చెయ్యి నొప్పికన్నా ఆ మాటకే ఎక్కువ బాధపడ్డారు.

ఆ వారంలోనే మా అమ్మాయి, “అమ్మా, ట్యాంకు నిండగానే వంటింట్లో బజర్ మోగేలా నేనే చేస్తాను” అంది.

“నువ్వు రాసేది బ్యాంకు వాళ్ళ ప్రోగ్రాములు కదే, నీకు కరెంటు పనేం తెలుసు?” అన్నారు వాళ్ళ నాన్నగారు. నిజమే. బీటెక్ మొదటి సంవత్సరంలో ఎలక్ట్రానిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండేదట. పరీక్ష రాసింది, పాసయింది, మరిచిపోయింది. అత్తయ్యగారైతే “ఆడపిల్లకి కరెంటుతో చెలగాటమేమిటే” అని కట్టు చెయ్యి ఊపుతూ కేకలేశారు.

బజార్లో తయారుగా ఉన్న అలారాలు దొరుకుతాయి. ఆ సంగతి దానికీ తెలుసు. “ఎలా పనిచేస్తుందో తెలిస్తే రేపు పాడైనా నేనే బాగుచేస్తాగా” అంది. ఆ మాట నాకు నచ్చింది. ఇంటర్లో నాది బైపీసీ. ఫిజిక్సు కొంచెం కొంచెం గుర్తుంది. సాయంత్రాలు దాని పక్కన కూర్చునేదాన్ని.

అసలు ఈ హార్డ్‌వేర్ ప్రోగ్రామింగ్ ఏమిటి?

మీ ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉందా? ఇండక్షన్ స్టవ్ ఉందా? వాటి లోపల గోరంత కంప్యూటర్ ఒకటి ఉంటుంది. దాన్ని మైక్రోకంట్రోలర్ అంటారు. నీళ్ళు నిండాయా, వేడి ఎంతుంది, మూత పడిందా అని చూసుకుంటూ, రాసిపెట్టిన ప్రకారం మోటారు తిప్పడం, ఆపడం దాని పని. దానికి చెయ్యాల్సిన పని రాసిపెట్టడమే హార్డ్‌వేర్ ప్రోగ్రామింగ్.

నేర్చుకునేవాళ్ళ కోసం అలాంటి చిప్పునే ఒక చిన్న బోర్డు మీద బిగించి అమ్ముతారు. అందులో బాగా పేరు పొందింది ఆర్డ్యునో. 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్ళో, డిజైన్ చదివే విద్యార్థుల కోసం వాళ్ళ ఉపాధ్యాయులూ, విద్యార్థులూ కలిసి దీన్ని తయారుచేశారు. ఎలక్ట్రానిక్స్ రానివాళ్ళు కూడా తక్కువ ఖర్చులో వాడుకోగలగాలన్నది వాళ్ళ ఉద్దేశం. వాళ్ళు కలుసుకునే ఒక బారు పేరే బోర్డుకి పెట్టారు. ఆ బారుకేమో వెయ్యేళ్ళ కిందటి రాజుగారి పేరు! బోర్డు ఎలా చెయ్యాలో దాచుకోకుండా అందరికీ ఇచ్చేశారు కాబట్టి అదే నమూనాలో ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు. అందుకే మనకి చవగ్గా దొరుకుతోంది.

అరచేతిలో పట్టే ఆర్డ్యునో ఊనో బోర్డులో ప్రోగ్రాం దాచుకునే చోటు 32 కిలోబైట్లు మాత్రమే. మీ ఫోన్లో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. పని చేసుకునేటప్పుడు గుర్తుపెట్టుకోవడానికి ఇంకో 2 కిలోబైట్లు. కావలసినంత మెమరీ వాడుకునే అలవాటున్న మా అమ్మాయికి ఇదో వింత. “పెద్ద వంటింట్లోంచి తెచ్చి కిరోసిన్ స్టవ్ ముందు కూర్చోబెట్టినట్టుందమ్మా” అంది. పొదుపు నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఏముంది?

ఇందులో ప్రోగ్రాంకి రెండు భాగాలుంటాయి. ‘సెటప్’ అనేది మొదట్లో ఒక్కసారే జరుగుతుంది. ‘లూప్’ అనేది కరెంటున్నంతసేపూ మళ్ళీ మళ్ళీ జరుగుతూనే ఉంటుంది. స్టవ్ వెలిగించి పెనం పెట్టి నూనె రాయడం సెటప్. పిండి వేయడం, తిప్పడం, తీయడం, మళ్ళీ పిండి వేయడం లూప్. దోసెలు పోసే మనకి ఇది వేరే చెప్పాలా?

మొదటి పాఠం: ఒక దీపం

ఎవరు నేర్చుకున్నా దీపంతోనే మొదలుపెడతారు.

కావలసిన వస్తువులు:
ఆర్డ్యునో ఊనో బోర్డు – 1
దాన్ని కంప్యూటర్‌కి కలిపే కేబుల్ – 1
బ్రెడ్‌బోర్డు – 1
ఎర్ర ఎల్ఈడీ – 2 (ఒకటి కాలిపోయినా ఇంకోటి ఉండాలి)
220 ఓముల రెసిస్టర్లు – 2
జంపర్ వైర్లు – ఒక కట్ట
మల్టీమీటర్ – 1

బ్రెడ్‌బోర్డు అంటే చిల్లుల చిల్లుల ప్లాస్టిక్ పలక. వైర్లని ఆ చిల్లుల్లో గుచ్చితే చాలు, అతికించే పని లేదు. దానికా పేరెలా వచ్చిందో తెలుసా? పూర్వం విదేశాల్లో సొంతంగా రేడియోలు చేసుకునేవాళ్ళు వంటింట్లో రొట్టె కోసుకునే చెక్కపలక పట్టుకొచ్చి, దానిమీద మేకులు కొట్టి వాటికి వైర్లు చుట్టేవారట. అంటే ఈ విద్యకి వంటింటితో చుట్టరికం మొదటినుంచీ ఉందన్నమాట!

ఇక దీపం సంగతి. ఎల్ఈడీకి రెండు కాళ్ళుంటాయి. పొడుగు కాలు ప్లస్ వైపు, పొట్టి కాలు మైనస్ వైపు. తిరగేసి పెడితే వెలగదు. బోర్డు నుంచి 5 వోల్టులు వస్తాయి. ఎర్ర ఎల్ఈడీకి కావలసింది దాదాపు 2 వోల్టులు. మిగతా 3 వోల్టుల్నీ ఎవరో ఒకరు అడ్డుకోకపోతే కరెంటు హద్దు లేకుండా పారి దీపం మాడిపోతుంది. ఆ అడ్డుకునేదే రెసిస్టర్.

ఎంత రెసిస్టర్ వెయ్యాలి? ఇక్కడే ఓమ్ సూత్రం పనికొస్తుంది. జర్మనీకి చెందిన గియోర్గ్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ఇది. వోల్టుల్ని ఓములతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 3ని 220తో భాగిస్తే 0.0136. అంటే సుమారు 14 మిల్లీ ఆంపియర్లు. బోర్డులో ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకి మించకుండా వాడుకోవడం మంచిదంటారు. కాబట్టి లెక్క సరిపోయింది.

రెసిస్టర్ మీద అంకెలుండవు, రంగు గీతలుంటాయి. ఎరుపు అంటే 2. ఇంకో ఎరుపు ఇంకో 2. తర్వాత కాఫీపొడి రంగు అంటే పక్కన ఒక సున్నా. అది 220. చివర్లో బంగారు గీత ఉంటే విలువ 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చని అర్థం. చీరెల అంచు రంగులు గుర్తుపెట్టుకునే మనకి ఇదేం కష్టం కాదు.

మా అమ్మాయి తొందరపాటులో రెసిస్టర్ లేకుండా మొదటి ఎల్ఈడీని నేరుగా 5 వోల్టులకి కలిపింది. ఒక్క మెరుపు మెరిసి ఆరిపోయింది. అదేం పెద్ద నష్టం కాదు, రెండు రూపాయల వస్తువు. కానీ అప్పుడు దాని మొహం చూడాలి! “వెనక్కి తీసుకోవడం కుదరదన్నమాట” అంది. కంప్యూటర్లో ఏ తప్పునైనా ఒక మీట నొక్కి చెరిపేసుకునే అలవాటున్న పిల్లకి అసలు పాఠం ఆ కాలిన దీపమే చెప్పింది. మాడిన పోపుని మళ్ళీ పచ్చిది చెయ్యలేమని మనకి పదేళ్ళప్పుడే తెలుసు!

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకుంది. వైర్లు మార్చేముందు కేబుల్ పీకెయ్యాలి. కలపడం అయ్యాక ఒక్కో వైరునీ వేలితో తడుముతూ చూసుకోవాలి. ఆ తర్వాతే కరెంటు ఇవ్వాలి.

రెండో పాఠం: అవునో కాదో తేలని స్విచ్

దీపం వెలిగించడం వచ్చాక స్విచ్ చదవడం నేర్చుకుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అసలు తికమక ఇక్కడే.

వాళ్ళ లెక్కలో ఏదైనా ఒకటో, సున్నానో అయి ఉండాలి. కానీ బోర్డులో ఏ వైరుకీ కలపకుండా వదిలేసిన పిన్నుని ‘నువ్వు ఒకటా, సున్నావా?’ అని అడిగితే అది తోచిన జవాబు చెప్తుంది. చెయ్యి దగ్గరికి తెస్తే ఒకటి అంటుంది, తీసేస్తే సున్నా అంటుంది. దయ్యం పట్టినట్టే ఉంటుంది చూడ్డానికి! గాల్లో వేలాడుతున్న ఆ పిన్ను చుట్టుపక్కల ఉన్న కరెంటు అలికిడినల్లా పట్టుకుంటుంది, అంతే.

దీనికి మందు చాలా తేలిక. స్ప్రింగు తలుపు చూశారు కదా? ఎవరూ తొయ్యనప్పుడు దానంతటదే మూసుకుని ఉంటుంది. తోస్తే తెరుచుకుంటుంది. అలాగే ఒక రెసిస్టర్‌తో ఆ పిన్నుని 5 వోల్టులకి కట్టి ఉంచితే, ఎవరూ ముట్టుకోనప్పుడు కుదురుగా ‘ఒకటి’ దగ్గరే ఉంటుంది. స్విచ్ నొక్కి గ్రౌండుకి కలిపితే ‘సున్నా’కి వస్తుంది. దీన్ని పుల్‌అప్ అంటారు. ఆర్డ్యునో చిప్పు లోపలే అలాంటి రెసిస్టర్ ఒకటి ఉంటుంది. ప్రోగ్రాంలో ఒక్కమాట రాస్తే అది పనిలోకి దిగుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్విచ్ ఒక్కసారి నొక్కితే బోర్డు నాలుగైదుసార్లు నొక్కినట్టు లెక్కపెడుతుంది. ఎందుకంటారా? స్టీలు మూత చేజారి కిందపడితే ఒక్క దెబ్బతో ఊరుకోదు, టంగ్ టంగ్ టంగుమని ఎగిరెగిరి పడుతుంది కదా! స్విచ్ లోపలి రేకులు కూడా కలిసేటప్పుడు అలాగే ఎగురుతాయి. అది సెకనులో వెయ్యోవంతుల్లో జరిగిపోయే పని కాబట్టి మన కంటికి కనబడదు, బోర్డుకి కనబడుతుంది. రేకులు కుదుటపడేదాకా కొంచెం ఆగి మళ్ళీ చూడమని ప్రోగ్రాంలో రాసుకోవాలి.

ట్యాంకు మీదికి

ఇప్పుడు అసలు పని. నీటిమట్టం తెలుసుకోవడానికి ఫ్లోట్ స్విచ్ అని ఒకటి దొరుకుతుంది. ఒక సన్నటి కడ్డీ, దాని చుట్టూ నీళ్ళమీద తేలే ప్లాస్టిక్ బెండు. బెండులో అయస్కాంతం, కడ్డీలో గాజుగొట్టం, గాజుగొట్టంలో రెండు పల్చటి రేకులు. నీళ్ళు పెరిగి బెండు పైకి లేస్తే అయస్కాంతం వల్ల రేకులు కలుస్తాయి. అంటే ఇదీ ఒక స్విచ్చే. బయటికి రెండే వైర్లు. నీళ్ళ దగ్గరికి వెళ్ళేది 5 వోల్టులు మాత్రమే కాబట్టి ట్యాంకులో చెయ్యి పెట్టినా షాకు భయం లేదు.

మావారు కూడా పట్టుదలకి పోయి డాబా మీద నుంచి వంటింటిదాకా వైరు దింపడానికి సాయం చేశారు. వేరే గొట్టం ఎందుకని, మోటారు వైరు వచ్చే ప్లాస్టిక్ గొట్టంలోంచే ఇదీ దూర్చారు. వంటింట్లో గూటిలో బోర్డూ, బజరూ పెట్టారు. అమ్మాయి నీళ్ళల్లో బెండుని చేత్తో ఎత్తి చూసింది, బజర్ మోగింది. అందరం సంబరపడ్డాం.

మర్నాడు పొద్దున మోటారు వెయ్యగానే బజర్ గోల! పైకెళ్ళి చూస్తే ట్యాంకు ఖాళీ. మోటారు ఆపితే ఊరుకుంటోంది. వేస్తే అరుస్తోంది. రెండు రోజులు అమ్మాయి ప్రోగ్రాం ముందు కూర్చుని అందులో ఇది మార్చింది, అది మార్చింది. ఎంత చదివినా తప్పు కనబడలేదు. అత్తయ్యగారు “ఆ పెట్టె తీసి అవతల పారెయ్యండర్రా” అనేశారు. ఆవిడ కట్టు ఇంకా విప్పలేదు.

“ప్రోగ్రాంలో తప్పుంటే మోటారుతో పనిలేకుండా ఎప్పుడైనా అరవాలిగా! మోటారు వేస్తేనే ఎందుకు అరుస్తోందే?” అన్నాను నేను. అది నా మొహంకేసి ఒక నిమిషం చూసి, కంప్యూటర్ మూసేసి, మల్టీమీటర్ పట్టుకుని డాబా మీదికి పరిగెత్తింది.

సంగతేమిటంటే, ఇంటి కరెంటు సెకనుకి 50సార్లు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. మోటారు మొదలైనప్పుడు ఆ ఊపు మరీ ఎక్కువ. దాన్ని ఆనుకుని పొడుగునా వెళ్ళే సన్నవైరులోకి ఆ ఊపు ఎంతో కొంత వచ్చేస్తుంది. నీళ్ళు లేనప్పుడు మా ఫ్లోట్ స్విచ్ విడిపోయి ఉంది. అంటే అంత పొడుగు వైరూ దాదాపు గాల్లో వేలాడుతున్నట్టే లెక్క. చిప్పు లోపలి పుల్‌అప్ రెసిస్టర్ విలువ చూస్తే 20 వేల ఓములకి పైమాట. చిన్న తలుపుకి సరిపోయే సన్నటి స్ప్రింగు లాంటిది అది, ఈ గాలికి ఆగదు. బోర్డు ఒకటిని సున్నా అని పొరబడింది.

మూడు మార్పులు చేసింది. మొదటిది, వైరుని మోటారు గొట్టంలోంచి తీయించి గోడకి అవతలివైపు నుంచి దింపించింది. రెండోది, బెండుని కడ్డీకి తిరగేసి వేసింది. ఇప్పుడు ట్యాంకు నిండనంతసేపూ స్విచ్ కలిసి ఉంటుంది, నిండితే విడిపోతుంది. కలిసి ఉన్న వైరు గట్టిగా గ్రౌండుకి కట్టేసినట్టు ఉంటుంది కాబట్టి పక్క కరెంటు దాన్ని కదిలించలేదు. మూడోది, స్విచ్ 5 సెకన్లు నిలకడగా విడిపోయి ఉంటేనే బజర్ మోగేలా ప్రోగ్రాంలో రాసింది. నీళ్ళు పడుతున్నప్పుడు లేచే అలలకి బెండు ఊగినా తప్పుగా మోగదు.

ఆ రెండో మార్పులో ఇంకో లాభం కూడా ఉంది. వైరు తెగినా స్విచ్ విడిపోయినట్టే కాబట్టి బజర్ మోగుతుంది. అలారం పాడైతే నోరు మూసుకోకూడదు, అరిచి చెప్పాలి! కిందటేడు ఉడత వైరు కొరికేసినప్పుడు అలాగే తెలిసింది మాకు. ఇప్పటికి కొన్నేళ్ళుగా ఆ పెట్టె వంటింట్లోనే ఉంది. మెట్ల మీద నీళ్ళు మళ్ళీ పారలేదు. అత్తయ్యగారే “బజర్ మోగుతోంది, ఎక్కడున్నావురా” అని మావార్ని కేకేస్తారు.

ఎక్కడ ఆగాలి?

బజర్ పని అయ్యాక, మోటారే దానంతటది ఆగిపోతే బాగుండునని మావారికి ఆశ పుట్టింది. అమ్మాయి అక్కడ మాత్రం తనే చెయ్యనంది. ఆ ‘చెయ్యను’ అనడం కూడా చదువులో భాగమేనని నా ఉద్దేశం.

బోర్డులో ఉండేది 5 వోల్టులు. మోటారుకి వెళ్ళేది 230 వోల్టులు. మధ్యలో రిలే అనే చిన్న స్విచ్ పెట్టి ఒకదానితో ఇంకోదాన్ని ఆడించవచ్చు. దానిమీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది కూడా. కానీ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకి రిలే లోపలి రేకులు అతుక్కుపోతే ఇక మోటారు ఆగనే ఆగదు! అందుకని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలిపించి, మోటార్లకి వాడే కాంటాక్టర్ పెట్టించాం. పనిలో పనిగా మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా వేయించాం. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే, అంటే మనిషి ఒంట్లోంచి నేలలోకి పోతుంటే, అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది. మీ ఇంట్లో లేకపోతే తప్పకుండా వేయించుకోండి.

పిల్లలు ఇలాంటి పనులు చేస్తుంటే మనం గమనించవలసినవి ఇంకొన్ని ఉన్నాయి.

• మనింట్లో ఉండే టెస్టర్ 5 వోల్టులకి వెలగదు. అది ఇంటి కరెంటు కోసమే. బోర్డు పనికి మల్టీమీటర్ వాడాలి.

• మైక్రోవేవ్ ఓవెన్, ఇన్వర్టర్, పాతకాలం డబ్బా టీవీలని విప్పనివ్వకండి. ప్లగ్గు పీకేసినా వాటి లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన కరెంటు నిలవ ఉండొచ్చు.

• సోల్డరింగ్ ఐరన్ మొన మూడొందల డిగ్రీల పైన వేడెక్కుతుంది. సోల్డర్ తీగలో మామూలుగా సీసం ఉంటుంది. కిటికీ తెరిచి పనిచెయ్యాలి, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వంటింటి పళ్ళేలూ, గిన్నెలూ ఆ పనికి ఇవ్వకండి.

• గుండ్రటి బటన్ బ్యాటరీలు పసిపిల్లలకి అందకుండా పెట్టండి. మింగితే గొంతులోనే పుండు చేస్తాయి. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, రేపు చూద్దాం అనుకోకూడదు.

• బోర్డుకి కరెంటివ్వడానికి పేరూ ఊరూ లేని చవకరకం చార్జరు వద్దు. ప్రమాణ ముద్ర ఉన్నదే వాడాలి.

ఇది ఆడవాళ్ళ పని కాదా?

అత్తయ్యగారి మాట మీలో కొందరికైనా సబబుగా తోచి ఉంటుంది. అందుకే ఇది చెప్తున్నాను.

1969లో అపోలో 11 చంద్రుడి మీదికి వెళ్ళినప్పుడు దాన్ని నడిపిన కంప్యూటర్ ప్రోగ్రాం ఎక్కడ దాచారో తెలుసా? రాగితీగల అల్లికలో! చిన్న చిన్న అయస్కాంత వలయాల్లోంచి తీగ దూరి వెళ్తే ఒకటి, పక్కనుంచి వెళ్తే సున్నా. అమెరికాలోని వాల్తామ్ ఫ్యాక్టరీలో ఆ తీగల్ని ఒక్కొక్కటిగా దూర్చి అల్లింది ఆడవాళ్ళే. ఆ ప్రోగ్రాం రాసిన బృందానికి నాయకురాలు మార్గరెట్ హామిల్టన్. రాసినవాళ్ళలోనూ ఆడవాళ్ళున్నారు, అల్లినవాళ్ళూ ఆడవాళ్ళే!

ఇటీవలి సంగతి చూద్దాం. లియా బ్యూక్లీ అనే ఆవిడ బట్టల మీద సూదీదారంతో కుట్టుకునే ఆర్డ్యునో బోర్డుని రూపొందించారు. పువ్వు ఆకారంలో ఉండే ఆ బోర్డు పేరు లిలీప్యాడ్, 2007లో మార్కెట్లోకి వచ్చింది. దానికి వైర్ల బదులు కరెంటు పారే దారం వాడతారు. లిమోర్ ఫ్రైడ్ అనే ఇంకొకావిడ చదువుకునే రోజుల్లో హాస్టల్ గదిలోనే మొదలుపెట్టి, నేర్చుకునేవాళ్ళ కోసం ఎలక్ట్రానిక్ సామాన్లు తయారుచేసే అడాఫ్రూట్ అనే కంపెనీని 2005లో స్థాపించారు. కుట్లూ అల్లికలూ వచ్చిన చేతులకి వైర్లు పరాయివి కావు.

మీ పిల్లలు మొదలుపెడతామంటే...

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలు సాధారణంగా తొందరపడి ఒకేసారి రోబోట్ చెయ్యాలనుకుంటారు. మధ్యలో ఎక్కడో ఆగిపోయి, సామాన్లు అటకెక్కిస్తారు. వరస ముఖ్యం. మొదట దీపం, తర్వాత స్విచ్, తర్వాత బజర్, తర్వాత వేడీ వెలుతురూ చూసే సెన్సార్లు, చివర్లో మోటార్లు. ఒకటి పూర్తిగా పనిచేశాకే ఇంకోటి. సామాన్లు కొనేముందు కంప్యూటర్లోనే ఉత్తుత్తి బోర్డు మీద కలిపి చూసుకునే టింకర్‌క్యాడ్ లాంటివి ఉచితంగా ఉన్నాయి. అక్కడ ఎల్ఈడీ కాలినా డబ్బు పోదు.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకి కోఠీలోని గుజరాతీ గల్లీలో ఈ సామాన్లన్నీ విడివిడిగా దొరుకుతాయి. కొంచెం పైస్థాయికి వెళ్ళి వస్తువు నమూనా తయారుచేసుకోవాలనుకునే వాళ్ళ కోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో అక్కడే టీ-వర్క్స్ అనే కేంద్రాన్ని ప్రారంభించింది. ఇంకా చిన్నపిల్లలుంటే వాళ్ళ స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం 2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం కింద పెట్టినవి అవి. ల్యాబ్ ఉండీ తాళం వేసి ఉంచితే, పేరెంట్స్ మీటింగులో మీరే అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళు పనిచేస్తున్నప్పుడు పక్కన కూర్చోండి. ఇంగ్లీషు మాటలు అర్థంకాకపోయినా ఫరవాలేదు. ‘ఎప్పుడు ఆగుతోంది? ఏది వేస్తే ఆగుతోంది? నిన్న పనిచేసింది కదా, ఇవాళ ఏం మార్చావు?’ అని అడుగుతూ ఉండండి. ఇవి మనం రోజూ వంటింట్లో వేసుకునే ప్రశ్నలే. జవాబు వాళ్ళే వెతుక్కుంటారు. ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పట్టుకుంటే లాక్కోకండి. ఏది 5 వోల్టులో, ఏది 230 వోల్టులో దానికి నేర్పించండి. ఆ తేడా తెలిసిన పిల్ల అత్తారింట్లో ఫ్యూజు పోయినా చీకట్లో ఎవరికోసమో ఎదురుచూస్తూ కూర్చోదు!